సమ్మెలో విప్పిన బ్రేకులు

మొన్న తెనాలి నుంచి ఫోనొచ్చింది, కోటేశ్వరరావుగారు పోయారని. చేసింది వాళ్ళావిడే. "నిద్రలోనే పోయారమ్మా. ఎవర్నీ ఇబ్బంది పెట్టకుండా ఆయన చేసిన పని ఇదొక్కటే" అంది. అన్నేళ్ళు కాపురం చేసినవాళ్ళకి మాత్రమే నోట్లోంచి వచ్చే మాట అది. నేను ఏడవబోయి నవ్వాను. ఆవిడా నవ్వింది. తర్వాత ఇద్దరం కాసేపు ఏడ్చాం. ఫోన్ పెట్టేశాక నాకు గుర్తొచ్చింది ఆయన మొహం కాదు, మా పైఅంతస్తు బాల్కనీ పిట్టగోడ మీద ఆనించి ఉండే ఆయన రెండు మోచేతులు. ఆ మోచేతుల కింద, మా వాకిట్లో, చక్రాలు పీకి ఇటుకల మీద కూర్చోబెట్టిన మా తెల్లకారు. ఆ కారు కింద మా నాన్న కాళ్ళు.

మా ఇల్లు చిక్కడపల్లిలో, మెయిన్ రోడ్డు వదిలి లోపలికి తిరిగే గల్లీలో. కింద మేము, పైన కిరాయికి తెనాలి నుంచి వచ్చిన కోటేశ్వరరావుగారి వాళ్ళు. నేను బడికి వెళ్ళే వయసు నుంచీ ఉన్నారు కాబట్టి కిరాయివాళ్ళు అనే మాట మా ఇంట్లో ఎవరూ అనేవారు కాదు, పైనోళ్ళు అనేవాళ్ళం. పొద్దున్నే మా అమ్మ కాల్చే సర్వపిండి వాసన మెట్లెక్కేది, వాళ్ళావిడ గోంగూరకి పెట్టే పోపు వాసన మెట్లు దిగేది. వెనకాలే గిన్నెలు కూడా అదే దారిన ఎక్కి దిగేవి. గేటు లోపల రెండు కార్లుండేవి. రెండూ ఒకే రకం చిన్న కార్లు, మాది తెలుపు, వాళ్ళది లేత నీలం. ఆదివారం పొద్దున ఇద్దరు మగవాళ్ళూ బనియన్లతో దిగి వాటిని కడిగేవారు. ఎవరి కారు ముందు మెరుస్తుందో అని పైకి అనుకోని పందెం ఒకటి నడిచేది. మా నాన్న గెలవడానికి ఆయనకంటే ముందే లేచేవాడు, ఆయన గెలవడానికి వాళ్ళావిడ షాంపూ దొంగిలించేవారు.

నాన్న సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటు. చేతికి ఫైలు ట్యాగు తప్ప ఇంకో పనిముట్టు తగలని ఉద్యోగం. బహుశా అందుకే ఇంటికొస్తే ఏదో ఒకటి విప్పకపోతే ఆయనకి అన్నం సయించేది కాదు. "మనిషి బిగించిందే గద, మనిషి ఇప్పలేడా?" అనేవాడు. విప్పడం వరకూ ఆ సిద్ధాంతం బాగానే పనిచేసేది. తిరిగి బిగించాక మాత్రం ప్రతిసారీ ఒకటో రెండో మరలు మిగిలేవి. అమ్మ వాటిని పారేయకుండా ఒక కాఫీపొడి సీసాలో వేసి ఉంచేది. ఎవరైనా చుట్టాలొస్తే ఆ సీసా చూపించి "మా ఆయన సంపాదన" అనేది.

మామూలు రోజుల్లో ఈ జబ్బు ఆదివారాలకే పరిమితం. ఆ ఏడు తెలంగాణ కోసం సమ్మె వచ్చింది. ఆఫీసులు మూతబడ్డాయి, బస్సులు డిపోలు దాటలేదు, బడులు బంద్. నాన్న పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇందిరా పార్కు దగ్గర ధర్నాకి వెళ్ళేవాడు. ఎండెక్కే వేళకి గొంతు పోయి ఇంటికొచ్చేవాడు. ఆ తర్వాత రాత్రి దాకా ఖాళీ. నిజంగా, పూర్తిగా, చేతులు వేలాడేసుకునే ఖాళీ. తెలంగాణ వస్తుందో రాదో ఎవరికీ తెలియదుగానీ మా ఇంట్లో ఫ్యాను రెగ్యులేటరు పోయింది, మిక్సీ పోయింది, అక్క కుట్టుమిషను పాదం పోయింది. ఏ రాష్ట్ర ఏర్పాటుకీ ఒక కుటుంబం ఇంతకంటే త్యాగం చేసి ఉండదు.

నేనప్పుడు డిగ్రీ అయిపోయి గ్రూప్స్‌కి ప్రిపేరవుతున్నాను. అంటే అశోక్‌నగర్‌లో కోచింగ్‌కి పోయి, జిరాక్స్ నోట్సు మోసుకొచ్చి, రాని నోటిఫికేషన్ కోసం హరప్పా మురికికాలువల గురించి బట్టీ పెట్టడం. బంద్‌ల పుణ్యాన కోచింగ్ కూడా మూసేశారు కాబట్టి నేనూ ఖాళీయే. మా అక్క సరిత మొదటి కాన్పుకి పుట్టింటికొచ్చింది. నెలలు నిండాయి. బావ కరీంనగర్‌లో చిక్కుకుపోయాడు, రావడానికి బస్సు లేదు. అక్కకి ఇంట్లో ఉక్కపోత, మంచం మీద పడుకుంటే గుండెల్లో మంట. అందుకని మెట్ల కింద నీడలో నులకమంచం వేయించుకుని, దిండ్లు ఆనుకుని రోజంతా అక్కడే ఉండేది. తినేది, తేన్చేది. ఆ తేన్పులు మామూలువి కావు. గల్లీలో కూరగాయల బండివాడు ఆగి చూసేవాడు.

ఈ పరిస్థితిలో మా ఇంట్లో అందరి గుండెల మీదా ఉన్న బరువు ఒక్కటే, నొప్పులొస్తే అక్కని ఆస్పత్రికి ఎలా తీసుకెళ్ళాలి అని. ఆస్పత్రి నారాయణగూడ అవతల. ఆటోలు ఒకరోజు తిరిగితే మరోరోజు తిరగవు. అంబులెన్సుంది కదా అని మీరనొచ్చు. మా అమ్మ లెక్కలో అంబులెన్సంటే శవాలు మోసే బండి, కడుపుతో ఉన్న పిల్లని అందులో ఎక్కించడం కంటే ఆవిడే స్వయంగా మోసుకుపోతుంది. కాబట్టి మిగిలింది మా తెల్లకారు. దాని బ్రేకు తొక్కితే కీచుమని అరిచేది. "మెకానిక్కులందరు షెటర్లు ఏసుకున్నరు. ప్యాడ్లు, లైనర్లు మార్చుడే గద, నేనే చేస్త. బిడ్డను తీస్కపొయ్యే బండి మంచిగుండాలె" అన్నాడు నాన్న. బంగారం లాంటి ఆలోచన. అరుస్తూనే ఆగుతున్న బ్రేకుని విప్పి, అరవనూ అరవని, ఆగనూ ఆగనిదాన్ని చేశాడు.

పైన నీలం కారుంది కదా అని కూడా మీరనొచ్చు. అక్కడికే వస్తున్నాను. సమ్మె మొదలైన వారంలోనే మెట్ల దగ్గర పేపర్ చదువుతూ కోటేశ్వరరావుగారు ఒక మాటన్నారు. "రాష్ట్రం ఇస్తే మాత్రం మీ ఆఫీసులో ఫైలు కదుల్తుందంటారా అండీ?" ఆయన ఉద్దేశం వెక్కిరింతే, అంతకు మించి ఏమీ లేదు. సమ్మెకి ముందైతే నాన్న ఆఫీసు ఫైళ్ళ గురించి నాన్నే అంతకంటే ఘోరమైన జోకులు వేసేవాడు. కానీ ఆ పొద్దు ఆయన ధర్నాకి బయల్దేరుతున్నాడు, మెడలో కండువా ఉంది. "మీ పంటకాల్వలల్ల నీళ్ళు పారినంత జల్దిగ మా ఫైళ్ళు ఎట్ల పార్తయండి?" అన్నాడు. కోటేశ్వరరావుగారు పేపర్ మడిచి లోపలికి వెళ్ళిపోయారు. అంతే. పదిహేనేళ్ళ స్నేహం రెండు వాక్యాల్లో ముగిసింది. ఆడవాళ్ళు దాన్ని పట్టించుకోలేదు, గిన్నెలు ఎక్కుతూ దిగుతూనే ఉన్నాయి. మగవాళ్ళు మాత్రం ఎదురుపడితే ఒకరు ఆకాశం, ఒకరు చెప్పులు చూసుకునేవారు.

బ్రేకుల పని మొదలుపెట్టింది దసరాకి ముందు. ముందు చక్రాలకి బ్రేకు పట్టే దిమ్మెలుంటాయి, కాలిపర్లంటారు, కుడికొకటి, ఎడమకొకటి. నాన్న వాటిని ట్యూబుల్నుంచి పూర్తిగా ఊడదీసి, కిరసనాయిల్లో కడిగి, రబ్బర్లు కొత్తవి వేసి, నీలం మార్కరుతో 'కుడి' 'ఎడమ' అని చక్కటి ఆఫీసు దస్తూరీలో రాసుకున్నాడు. ఇంతవరకూ ఆయనలో ఏ తప్పూ లేదు. ఆయుధపూజ పొద్దున అమ్మ వాకిట్లోకొచ్చి ఇటుకల మీదున్న కారుని చూసింది. "చక్రాల్లేని బండికి ఏం పూజ చేసుడు, కాళ్ళు లేనోనికి చెప్పులు తొడిగినట్టు" అంది. కానీ వాహనానికి పూజ మానేయడం అసలే కుదరదు, ఇంట్లో నిండు చూలాలుంది. అందుకని ఆవిడ ఒక పరిష్కారం కనిపెట్టింది. కారు సామానుకే పూజ. పీట వేసి, ముగ్గు పెట్టి, బేసిన్లోంచి కాలిపర్లు, వెనక చక్రాల డ్రమ్ములు, పానాలు, జాకీ అన్నీ తెచ్చి వరసగా పేర్చింది. పేర్చే ముందు, దేవుడి ఇత్తడి సామానుతో పాటు వాటినీ చింతపండు వేసి తోమింది. నాన్న ధర్నా నుంచి వచ్చేసరికి పీట మీద అంతా తళతళలాడుతోంది, పసుపు, కుంకుమ, బంతిపూలు, కర్పూరం వాసన.

"వీటి మీద రాసిన అక్షరాలేవి?" అన్నాడు నాన్న.

"అక్షరాలా? నీలంగ ఏందో అంటుకుందని గీకి గీకి కడిగిన. చెయ్యి పోయింది" అంది అమ్మ.

నాన్న మొహంలో రంగులు మారడం నేను చూశాను. పూజలో పెట్టిన పనిముట్టు ఆ రోజంతా ముట్టుకోకూడదు మా ఇంట్లో. కాబట్టి ఆ రాత్రికి ఆయన వాటి ముందు చేతులు కట్టుకుని తిరగడం తప్ప ఏం చేయలేకపోయాడు. మర్నాడు ఉద్వాసన అయ్యాక రెండు కాలిపర్లు రెండు చేతుల్లో పట్టుకుని, కొబ్బరికాయలు బేరం చేసేవాడిలా అటూ ఇటూ తిప్పి, "ఏం ఫికర్ లేదు, నాకు చూస్తేనే తెలుస్తది" అన్నాడు. ఆ మాట అన్నాక ఇక ఆయనకి తెలియకపోయే హక్కు పోయింది. బిగించాడు. ట్యూబు కొంచెం మెలిపడింది. "రబ్బరు గద, గుంజుకుంటది" అనుకున్నాడు.

దసరా సాయంత్రం జమ్మి ఆకు పంచుకోవడం ఉంటుంది, మా గల్లీలో బంగారమని ఇచ్చి అలాయ్‌బలాయ్ అంటూ కావలించుకుంటారు. తెనాలాయనకి మా దగ్గరే ఈ పద్ధతి అలవాటై, ఇష్టమై, ఏటా సాయంత్రం అయ్యేసరికి ఇస్త్రీ లాల్చీతో మెట్ల మీద తయారుగా ఉండేవారు. ఆ ఏడు కూడా లాల్చీ వేసుకుని మెట్ల మలుపు దాకా దిగారు. నాన్న గల్లీలో ఇల్లిల్లూ తిరిగి, జమ్మి ఇచ్చి, మెట్లవైపు చూడకుండా లోపలికొచ్చి తలుపేసుకున్నాడు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. ఆయన కాసేపు నిలబడి, మెట్ల మీది బల్బు బాగోలేనట్టు దాన్ని ఒకసారి తిప్పి, పైకెళ్ళిపోయారు. నాకు మా నాన్న మీద అసహ్యం వేసింది. ఇప్పటికీ తలుచుకుంటే వేస్తుంది.

అంతా బిగించాక నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి బ్రేకు తొక్కమన్నాడు. తొక్కాను. పెడలు మెత్తగా, ఏ అడ్డూ లేకుండా నేల దాకా పోయింది, పిండిబస్తా మీద కాలేసినట్టు. వదిలి మళ్ళీ తొక్కితే సగంలో ఆగింది. మూడోసారికి పైనే గట్టిగా నిలబడింది. కాసేపు ఊరుకుంటే మళ్ళీ మొదటికే. "గాలి జొచ్చింది" అన్నాడు నాన్న. "ఆయిలు నలగదు, గాలి నలుగుతది. నువ్వు తొక్కేది గాలిని, బ్రేకును కాదు. ఎయిర్ తియ్యాలె." ఎయిర్ తీయడమంటే ఒక జుగల్‌బందీ. కాలిపర్‌కి చిన్న బొడిపె ఉంటుంది, నిప్పిల్ అంటారు. దానికి సన్నటి ప్లాస్టిక్ ట్యూబు తొడిగి, ఆ కొస సీసాలో పెడతారు. నాన్న కింద నుంచి "తొక్కు" అంటాడు, నేను "తొక్కిన" అంటాను. "పట్టు" అంటే "పట్టిన". ఆయన నిప్పిల్ వదులు చేస్తాడు, ఆయిలుతో పాటు బుడగలు సీసాలో పడతాయి. ఆయన బిగించి "ఇడ్వు" అన్నాకే నేను కాలు వదలాలి. ముందే వదిలితే బయటి గాలి లోపలికి పోతుంది, అప్పటి దాకా చేసిన చాకిరీ గంగలో కలుస్తుంది. ఒకసారి అక్క తేన్పుకి నవ్వొచ్చి వదిలేశాను. కారు కింద నుంచి మా వంశం మొత్తానికి తిట్లొచ్చాయి. ఆయనది కూడా అదే వంశమని ఆ కోపంలో మర్చిపోయాడు.

తొక్కు, పట్టు, ఇడ్వు. రోజులు ఇలాగే గడిచాయి. బుడగలు వచ్చేవి, ఆగిపోయేవి, ఇక అయిపోయిందనుకుని తొక్కితే పెడలు మళ్ళీ నేలకే. వెనక చక్రాల లైనర్లకీ డ్రమ్ముకీ మధ్య సందు ఎక్కువైనా పెడలు ఎక్కువ దూరం పోతుందని ఎక్కడో విని, స్క్రూడ్రైవరుతో పళ్ళచక్రం తిప్పి ఆ సందు తగ్గించాడు. పెడలు కాస్త పైకొచ్చింది. నాన్న మొహం దానికంటే ఎక్కువ పైకొచ్చింది. పది నిమిషాల్లో రెండూ దిగిపోయాయి. పెడలు నొక్కే మాస్టర్ సిలిండర్ని తిట్టాడు, కొత్త రబ్బర్లని తిట్టాడు, రబ్బర్లు అమ్మినవాణ్ణి తిట్టాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నా కాలిని కూడా తిట్టాడు. ఆయిలు అయిపోతే నారాయణగూడలో మోకాలెత్తు మాత్రం షటరు లేపి, వంగిన గిరాకీలకే అమ్మే ఒక దుకాణానికి నన్ను పంపేవాడు. ఆ వాసన నాకిప్పటికీ తెలుసు. బ్రేకాయిలు చేపల వాసనా కాదు, మందుల వాసనా కాదు, రెంటి మధ్యా ఏదో. వాకిట్లో అది, వాడిపోతున్న బతుకమ్మ పూల వాసనా కలిసి ఉండేవి.

ఇంతలో ఆయనకి ఒక తెలివైన ఆలోచన కూడా వచ్చింది, న్యాయంగా అది చెప్పాలి. ముందు చక్రాలకి పోయే రబ్బరు ట్యూబుల్ని గుడ్డ చుట్టి క్లాంపులతో బిగించి నొక్కేశాడు. తొక్కితే పెడలు రాయిలా నిలబడింది. తీసేస్తే మళ్ళీ మెత్తన. "దొంగ ముందట చక్రాలల్లనే ఉన్నడు" అన్నాడు. కానీ దొంగని పట్టుకోలేకపోయాడు. ఇదంతా పైన బాల్కనీ పిట్టగోడ మీద రెండు మోచేతులు చూస్తూనే ఉన్నాయి. నాన్న పైకి చూసేవాడు కాదు. ఆయన కిందికి చూడటం ఆపేవారు కాదు.

ఒక సాయంత్రం నాన్న చేతులు తుడుచుకుంటూ, చాలా మామూలుగా అన్నాడు. "మూడుసార్లు తొక్కితే పడుతున్నది గద. గట్లనే పోదాం. బంద్ రోజు రోడ్డు మీద అడ్డమొచ్చేటోడు ఎవడుంటడు?"

అమ్మ చేతిలో చాటతో అలాగే నిలబడిపోయింది. "పైన బండున్నది గదా, పోయి అడుగుండ్రి" అంది.

"నా ఇంట్ల, నా బిడ్డకు, నేను బండి అడుక్కోవాల్నా?"

"అడుక్కునుడు ఎందుకైతది? అడుగుడు" అంది అమ్మ. అక్క మంచం మీంచి, "నాన్నా, నువ్వు మూడుసార్లు తొక్కేలోపట నేను కనేస్త" అంది. మేమందరం నవ్వాం. కానీ ఆయన తమాషాకి అనలేదు. నాకాయన గొంతు తెలుసు. నొప్పులొస్తే ఆ కారులోనే ఎక్కిస్తాడు.

మర్నాడు పొద్దున మళ్ళీ తొక్కు, పట్టు, ఇడ్వు. అక్క ఉప్మా తిని, దిండు సరిచేసుకుని, గల్లీ అదిరేలా తేన్చింది. "ఛీ, జర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకో" అంది అమ్మ. అక్క పట్టించుకోలేదు. కారు వంకే చూస్తోంది. "నాన్నా, నాకొకటి సమజైతలేదు" అంది. "గాలెప్పుడైనా పైకొస్తది. నన్ను చూస్తలేవా, కడుపుల గాలి గొంతులకొస్తది. నువ్వు కింద బొక్క పెట్టి గాలిని రమ్మంటే అదెట్లొస్తది?"

కారు కింద పానా చప్పుడు ఆగిపోయింది. తర్వాత నాన్న పాక్కుంటూ బయటికొచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, చక్రం ఉండాల్సిన చోటు వైపు ఒక్కసారి చూశాడు. కాలిపర్ నిప్పిల్ అడుగున ఉంది. అవతలి వైపుకెళ్ళి చూశాడు. అదీ అడుగునే. కుడిది ఎడమకి, ఎడమది కుడికి బిగించాడు. ఆయిలు కింద నుంచి బయటికి పోతోంది, గాలి మాత్రం పైమూలలో కాలు మీద కాలేసుకుని కూర్చుంది. ఇన్ని రోజులూ మేము దాన్ని బతిమాలుతున్నాం. నాన్న అమ్మ వైపు చూశాడు. "చింతపండు" అన్నాడు. రెండూ విప్పి, మార్చి, నిప్పిళ్ళు పైకొచ్చేలా బిగించాడు. ఈసారి తొక్కితే సీసాలో బుడగలు దీపావళిలా వచ్చాయి. మధ్యాహ్నానికి పెడలు నా కాలి కింద పైనే ఆగింది, మొదటిసారికే, గట్టిగా. నేను కేక పెట్టాను. అక్క కేక పెట్టింది. నాన్న ఏడ్చాడనుకుంటాను, కానీ కళ్ళల్లో ఆయిలు పడిందన్నాడు.

చక్రాలు తగిలించి, గల్లీలో నడిపి చూద్దామనుకుంటుండగా అక్క మంచం మీంచి లేచి నిలబడింది. మళ్ళీ కూర్చుంది. "నాన్నా" అంది. ఈసారి ఆ గొంతులో వెటకారం లేదు. అమ్మ సంచీకి పరిగెత్తింది. నేను గేటు తీశాను. అప్పుడు మా నాన్న, ఇన్ని రోజులూ ఏ బ్రేకు కోసం ప్రాణం పెట్టాడో ఆ బ్రేకు బాగైన క్షణాన, తాళంచెవి చేతిలో పట్టుకుని కారు ఎక్కలేకపోయాడు. ఒక్క అడుగు కూడా నడిపి చూడని బండి. ఆయన వెనక్కి తిరిగి మెట్లవైపు నడిచాడు. మొదటి మెట్టు మీద కాలు పెట్టేసరికే కోటేశ్వరరావుగారు బనియన్ మీద చొక్కా తొడుక్కుంటూ దిగిపోతున్నారు. ఇద్దరూ మధ్యలో గుద్దుకున్నంత పని అయింది.

"మీ బండి..." అన్నాడు నాన్న.

"గుంటూరు నంబరు ప్లేటండీ, చౌరస్తాలో ఆపి అడుగుతారు, ఆలస్యమవుద్ది" అన్నారాయన. మా కారు డ్రైవర్ సీట్లో కూర్చుని పెడలు ఒక్కసారి తొక్కారు, పట్టుకుని ఉంచారు. "ఇది బానే ఉందండీ. దిగట్లేదు. మీరు నడపండి, నేను పక్కన కూర్చుంటా."

అలా బయల్దేరాం. ముందు వాళ్ళిద్దరూ, వెనక నేనూ అమ్మా, మధ్యలో అక్క. నాన్న గల్లీ దాటేలోపు పది అడుగులకోసారి బ్రేకు తొక్కి చూస్తున్నాడు. ప్రతిసారీ మేమందరం ముందుకి తూలుతున్నాం. "నాన్నా, బ్రేకు మంచిగుంది, నమ్మిన, ఇగ పోనీ!" అని అక్క అరిచింది. నారాయణగూడ చౌరస్తాలో రోడ్డుకి అడ్డంగా టైర్లు పెట్టి కుర్రాళ్ళు నిలబడ్డారు. నాన్న తొక్కాడు. కారు గీత గీసినట్టు ఆగింది. ఒకడు కిటికీలోంచి తొంగిచూసి, అక్కని చూసి, "అరే, టైర్లు జరుపుండ్రా, అక్కకు నొప్పులస్తున్నయ్!" అని అరిచాడు. వాళ్ళే పక్కకి లాగారు. కోటేశ్వరరావుగారు ఊరుకోలేక "చాలా థాంక్సండీ" అన్నారు. ఆ కుర్రాడు ఆయన్ని ఒకసారి చూసి, నవ్వి, "జల్దీ పోండి అండీ" అని సాగదీశాడు. అక్క ఆ నొప్పుల్లో కూడా నవ్వింది.

అప్పుడంతా బంగారం, ఇప్పుడంతా మన్ను అని రాయడం మా వయసుకి వచ్చేవాళ్ళకి పట్టుకునే తెగులు. నాకు ఆ తెగులు లేదనను. ఆ ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టారు, మాకందులో ఒక ఫ్లాటు ఇచ్చారు. నా కారు సర్వీసుకిస్తే ఏసీ గదిలో కూర్చోబెట్టి, పేపర్ కప్పులో టీ ఇచ్చి, అద్దం అవతల నుంచి చూడమంటారు. లోపలికి వెళ్ళనివ్వరు. బ్రేకు బాగానే ఉంటుంది, దాని గాలి ఎవరు తీశారో నాకు తెలియదు, నా పేరు వాళ్ళకి తెలియదు. మా పై ఫ్లాటులో ఎవరుంటారో వాట్సాప్ గ్రూపులో నంబరు చూస్తే తప్ప చెప్పలేను. మేమెప్పుడూ పోట్లాడుకోలేదు. పోట్లాడుకోవడానికి కూడా కాస్త పరిచయం కావాలి. అలాగని ఆ రోజుల్ని నెత్తిన పెట్టుకోలేను. వాళ్ళిద్దరూ ఆస్పత్రి వరండాలో మాట్లాడుకున్నది నేను విన్నాను కాబట్టి పెట్టుకోలేను.

అక్కని లోపలికి తీసుకెళ్ళారు. అమ్మ తలుపు దగ్గరే నిలబడి వేంకటేశ్వరుడితో బేరాలాడుతోంది. నేను బెంచీ మీద ఒక కొసన, వాళ్ళిద్దరూ మరో కొసన. నాన్న గోళ్ళలో నల్లటి మడ్డి అలాగే ఉంది. గర్వం ఆపుకోలేక అన్నాడు, "చూసిన్రా, చౌరస్తల ఎట్ల ఆగిందో."

"ఆగుద్దండీ. బొడిపెలు పైకి తిప్పారుగా" అన్నారు కోటేశ్వరరావుగారు.

నాన్న ఆయన వైపు తిరిగాడు. "కిందున్నయని మీకెట్ల తెలుసు?"

ఆయన చొక్కా గుండీలు ఒకటి పైదీ ఒకటి కిందదీ పెట్టుకున్నారని అప్పుడే చూసుకుని, వాటిని సరిచేసుకున్నారు. "మొదటి రోజే చూశానండీ. ట్యూబు కిందనుంచి వేలాడుతోంది. మా బండికి మెకానిక్కు పైనుంచి పెడతాడు. చెబుదామనే రోజూ బాల్కనీలోకి వచ్చేవాణ్ణి. మీరు ఒక్కసారన్నా తల ఎత్తుతారేమో, అప్పుడు చెబుదామని."

"నేను ఎత్తకపోతే?"

"అదే ఆలోచిస్తున్నానండీ ఇందాకట్నుంచి" అన్నారాయన. "నొప్పులు నిన్న వచ్చుంటే నేను చెప్పేవాణ్ణా, లేకపోతే మీరు గేటు దాటేదాకా అలా చూస్తూ ఉండేవాణ్ణా అని."

నాన్న చేతుల్ని ప్యాంటుకి తుడుచుకున్నాడు. తుడిస్తే పోయే మడ్డి కాదది. "నిన్ననే అయితే నేను మీ మెట్లు ఎక్కకపోదును" అన్నాడు. "మూడుసార్లు తొక్కుకుంట తీస్కపోదును. నా బిడ్డను."

వాళ్ళకి ఒకరి మీద ఒకరికి కోపం లేదు. ఇద్దరూ మంచివాళ్ళు, ఆ సంగతి నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు, ఆ రోజు కూడా తెలుసు. అందుకే నాకు ఆ బెంచీ మీద భయమేసింది. ఎదురుగా గోడకి ఏదో మందుల క్యాలెండరు వేలాడుతుంటే ఇద్దరూ దాన్నే, అందులో ఏదో రాసున్నట్టు, కళ్ళప్పగించి చూస్తూ కూర్చున్నారు. తలుపు తెరుచుకుంది. నర్సు బయటికి తొంగిచూసి, "సరిత వాళ్ళ నాన్న ఎవరండీ?" అని అడిగింది.

ఇద్దరూ ఒక్కసారే లేచి నిలబడ్డారు.